తెల్ల సంపెంగ తగువు

క్షమించడం గొప్ప గుణమని బళ్లో పిల్లలకి ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. నేను హిందీ టీచర్ని. పుస్తకంలో ఉంది కాబట్టి చెప్పాను. నాకు మాత్రం ఆ గుణం లేదు. చిన్నప్పుడు లేదు, పెద్దయ్యాక రాలేదు, ఇకముందు వస్తుందన్న ఆశా లేదు. ఒక మొక్కల వ్యాపారి మీద నేను పెంచుకున్న పగ గురించి చెప్తాను. చదివి నన్ను గయ్యాళి అనుకున్నా నాకు అభ్యంతరం లేదు, మా స్టాఫ్ రూములో ఆ మాట ఎప్పుడో అనేశారు.

మా ఆయన కొబ్బరి దళారీ. అంబాజీపేట మార్కెట్లో రైతుకీ, పై రాష్ట్రాల నుంచి లారీ వేసుకొచ్చిన షావుకారుకీ మధ్యన నిలబడి బేరం కుదర్చడం ఆయన పని. నోరే ఆయన పెట్టుబడి. ఇంటికొచ్చినా అదే గొంతు. ఆయన మంచినీళ్లు అడిగితే నాలుగిళ్ల అవతల వాళ్లకి వినపడేది. "కాస్త మెల్లిగా మాట్లాడండీ, ఇది మార్కెట్టు కాదు" అని నేను సాధించని రోజు లేదు.

అలాంటి మనిషికి ఒక పొద్దున్న నూతి దగ్గర పళ్లు తోముకుంటూండగా పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత తేరుకున్నాయి, కర్ర పట్టుకుని నడిచేవారు. మాట మాత్రం పోయింది. మనం అన్నది అంతా అర్థమయ్యేది, తిరిగి ఏదైనా అనబోతే గొంతులోంచి "అ… అ…" అని తప్ప ఏమీ వచ్చేది కాదు. మొదట్లో బాగానే ప్రయత్నించారు. చూడటానికి వచ్చిన చుట్టాలావిడ ఒకామె ఆయన ముందే "పాపం, చంటిపిల్లాడిలా అయిపోయారమ్మా" అంది. ఆ పూట నుంచి నోరు తెరవడం మానేశారు. ఆవిడ మీద కూడా నాకు పగ ఉంది, అది ఇంకోసారి.

కాకినాడ డాక్టరు గారు ఆయన్ని బయట కూర్చోబెట్టి నాతో విడిగా చెప్పారు. "మాట ఎక్కడికీ పోలేదమ్మా, లోపలే ఉంది. ఏదో ఒకటి అని తీరాలని ఆయనకి అనిపించాలి. అలా అనిపించకుండా చాలాకాలం గడిచిపోతే మాత్రం, ఇక రాదు." ఆ చివరి రెండు ముక్కలూ బస్సులో ఇంటికొచ్చేదాకా నా చెవుల్లో మోగుతూనే ఉన్నాయి.

ఇక అక్కణ్ణుంచి నేను చెయ్యని ప్రయోగం లేదు. పులుసులో కావాలని ఉప్పు గుమ్మరించాను, కనీసం నన్ను తిడతారని. తలొంచుకుని తినేశారు. కొబ్బరికాయ ధర పేపర్లో ఉన్నదానికి సగానికి సగం తగ్గించి పైకి చదివాను, ఒప్పుకోరు కదా అని. గోడవైపు తిరిగి పడుకున్నారు. మా పెళ్లప్పుడు వాళ్ల వాళ్లు చేసిన మర్యాదల్లో లోపాలన్నీ ఏకరువు పెట్టాను. దానికీ ఉలుకూ పలుకూ లేదు. ఆయన గొంతు వినపడని ఆ ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు.

ఆ రోజుల్లో టీచర్ల బదిలీల జాబితా కంప్యూటర్లో చూసుకోవాలని కొత్తగా పెట్టారు. అమలాపురంలో నెట్ సెంటర్‌కి వెళ్తూ ఆయన్నీ తీసుకెళ్లాను. నాకంటే ముందు కూర్చున్నవాళ్లెవరో మొక్కలమ్మే సైట్ తెరిచి అలాగే వదిలేసి వెళ్లారు. నేను దాన్ని ముయ్యబోతుంటే ఆయన ఎడమచెయ్యి వచ్చి నా చేతిని పక్కకి నెట్టింది. తెర మీద తెల్ల సంపెంగ. మా వైపు పసుపు సంపెంగ వీధికొకటి ఉంటుంది కానీ తెల్లది నేను చూడలేదు. ఆయన పుట్టి పెరిగిన, గోదారి మధ్య లంకలో వాళ్ల పెరట్లో అలాంటి చెట్టు ఉండేదనీ, ఒక వరదలో గట్టుతో సహా గోదాట్లో కలిసిపోయిందనీ, ఆ వాసన మళ్లీ ఎక్కడా తగల్లేదనీ పెళ్లయిన కొత్తలో ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

ఆయన వేలు తెర మీదే ఉంది. పెదవులు వణికాయి. "సం…" అన్నారు.

ఆ సగం మాట విన్నాక నేను మొక్కేంటి, అది పుట్టిన ఊరుని కూడా తెప్పించేదాన్ని. సైట్ మీద బెంగుళూరు అడ్రస్ ఉంది. పేరూ ఊరూ కొట్టి, మర్నాడే బ్యాంకులో డబ్బు కట్టేశాను. బళ్లో అంతా ఆటపట్టించారు. "కడియం నర్సరీలు అంత దగ్గర పెట్టుకుని బెంగుళూరు నుంచి మొక్కేంటండీ టీచర్ గారూ, గోదావరొడ్డున కూర్చుని నీళ్లు కొనుక్కున్నట్టు" అన్నారు మా లెక్కల మాస్టారు. ఏమైనా అనుకోండి, ఇంట్లో మా ఆయన లేచి కూర్చున్నారు. ఎడమచేత్తోనే గడ్డం గీసుకున్నారు. పంపు పక్కన ఎండా నీడా కుదిరే చోటు చూసి కర్రతో గీత గీసి, ఇక్కడ తవ్వించమన్నట్టు నావైపు చూశారు. వీధిలో ఆటో ఆగిన చప్పుడైనప్పుడల్లా గుమ్మంలోకి వచ్చేవారు. ఒకరోజు "సంపె…" దాకా వెళ్లారు. నేను వంటింట్లోకి పారిపోయి ఏడ్చాను.

మొక్క వచ్చింది. అట్టపెట్టె మీద ఇటువైపు పైన ఉండాలని బాణం గుర్తు వేసి ఉంది, ఆ బాణం నేలవైపు చూస్తోంది. అప్పటికే దీపాలవేళ అవుతోంది. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఇంటికి మొక్క వస్తే దీపం పెట్టేలోపు మట్టిలో పడాలి. ఎందుకని ఎవరూ అడగరు, వచ్చినవాళ్లకి కాళ్లకి నీళ్లిచ్చినట్టే అదీ. పెట్టె విప్పాను, చుట్టిన కాగితాలూ గడ్డీ తీసి పక్కన పడేశాను, గబగబా గోతిలో పెట్టి మట్టి కప్పి చెంబుడు నీళ్లు పోశాను. అప్పుడు చూశాను మొక్కని. ఆకులు ఉడకబెట్టిన తోటకూరలా ఉన్నాయి. ప్రయాణం బడలిక, తెల్లారేసరికి తేరుకుంటుందన్నాను ఆయనతో.

తెల్లారేసరికి పైభాగం అంతా తల వాల్చేసింది. మా ఆయన దాని ముందు కర్ర ఆనుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నారు. చేతికి బలం రావడానికి డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతిని మంచం కిందకి దొర్లించేశారు. మళ్లీ "సం" కూడా లేదు.

మెయిల్ పెట్టాను. మొదటిది మర్యాదగానే, ఇంగ్లీషులో. జవాబు వచ్చింది. మొక్క పాడైతే పెట్టెలో ఉండగానే ఫొటో తీసి అదే రోజు పంపాలట. నేను నాటేశాను కాబట్టి, మొక్క బాగానే ఉందని ఒప్పుకున్నట్టేనట. మొక్కలు ప్రాణమున్నవట, ఇంట్లోకి తీసుకున్నాక వాటి బాగోగులు కొన్నవాళ్లవేనట. కింద, మాతో కలిసి పచ్చగా ఎదగండి అని ఉంది. అది చదవగానే నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చేలా ఉన్న మొక్కని నీళ్లు పొయ్యకుండా పెట్టెలో ఉంచి, అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసే జాతి ఎక్కడుందో నాకు తెలీదు. మాది ఆ జాతి కాదు.

రెండో మెయిల్ తెలుగులో రాశాను, ఇంగ్లీషు అక్షరాలతో. కోపం ఇంగ్లీషులో నాకు సరిగ్గా రాదు. మా ఆయన పరిస్థితంతా రాశాను, ఆ మొక్క ఎందుకు కావాలో రాశాను. రాయకుండా ఉండాల్సింది. జవాబుగా మొదటి ఉత్తరమే మళ్లీ వచ్చింది. మూడోదానికీ అదే. ఒక్క కామా కూడా మార్చలేదు.

మా సోషల్ మాస్టారి తమ్ముడు లాయరు. వినియోగదారుల ఫోరంలో కేసు వెయ్యమన్నాడు, గెలుస్తామన్నాడు, కాస్త టైము పడుతుందన్నాడు. "గెలిస్తే తీర్పు కాగితం వస్తుంది. నాకు కాగితం వద్దు బాబూ, వాడి మొహం కావాలి" అన్నాను. అతను నవ్వాడు. నేను నవ్వులాటకి అనలేదు. అంట్లు తోముకుంటూ, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, తులసికోట చుట్టూ తిరుగుతూ కూడా వాడి గురించే పళ్లు నూరుకునేదాన్ని. మొహం తెలీదు కాబట్టి ఒక్కోసారి ఒక్కో మొహం పెట్టుకునేదాన్ని. వాడి మొక్కలన్నిటికీ తెల్లపురుగు పట్టాలని, వాడి కంప్యూటర్ మీద పిడుగు పడాలని, వాడి పెళ్లాం రోజూ ఉప్పులేని కూర వండాలని దణ్ణం పెట్టుకున్నాను. దేవుడికి ఇలాంటివి మొక్కకూడదంటారు. ఆ దేవుడే నా స్థానంలో ఉంటే ఏం మొక్కేవాడో నాకు తెలీదు.

చివరికి మొక్క పూర్తిగా ఎండిపోయింది. పీకేసి, ఎందుకో పారెయ్యబుద్ధి కాక పంపు కింద కడిగాను. మట్టి పోయాక చూస్తే దానికి రెండు కట్లున్నాయి. అంటుమొక్కకి కింద, అంటు కట్టిన చోట ఒక ప్లాస్టిక్ కట్టు ఉంటుంది, అది ఎవరికైనా తెలుసు. దీనికి జానెడు పైన, ఇన్నాళ్లూ మట్టి పూత కింద దాగిన ఇంకోటి ఉంది. బ్లేడుతో కోసి విప్పాను. లోపల కాండం అడ్డంగా విరిగి ఉంది. రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, కనపడకుండా కట్టు బిగించారు. అంటే దారిలో విరగలేదు. విరిగినదాన్నే పెట్టెలో పెట్టి పంపాడు. విరిగిందని తెలిసి, కట్టు కట్టి పంపాడు.

పంపు గట్టు మీద కూర్చున్నాను. చేతికి అంటిన మట్టి అప్పుడు కనపడింది. మా పెరటి మట్టి కాదు, వేళ్లతో పాటు వచ్చిన బూడిదరంగు ఒండ్రు. మా పంటకాలవలో పూడిక తీసినప్పుడు గట్టున పోసే మట్టే. బెంగుళూరులో మా కాలవ మట్టి ఎక్కడిది? పరుగున వెళ్లి నీళ్లపొయ్యి దగ్గర కుక్కిన గడ్డీ కాగితాలూ లాగాను. మొక్కకి చుట్టినది మన తెలుగు పేపరే. అదీ మా జిల్లా పేజీ. మండపేటలో సంత రోజు మార్పు గురించి, ఆలమూరులో ఎవరిదో గేదె తప్పిపోయిందని. రెండూ కడియం దాపు ఊళ్లే. వాడు మా చెవుల్లో పువ్వులు పెట్టి, గోదావరికి అవతలొడ్డున కూర్చుని అమ్ముకుంటున్నాడన్నమాట. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. బెంగుళూరయితే వెళ్లలేను. కడియానికి బస్సుంది.

ఆదివారం పొద్దున్నే విప్పిన కట్టు మళ్లీ ఎప్పట్లా చుట్టి, ఎండిన పుల్లని సంచిలో పెట్టుకుని బయల్దేరాను. మా ఆయన్ని పక్కింటి వదినగారికి అప్పజెప్పాను. రావులపాలెంలో బస్సు మారి, బ్రిడ్జి దాటి కడియపులంకలో దిగాను. రోడ్డుకి అటూ ఇటూ కనుచూపు మేర నర్సరీలే. అడిగిన మొదటి చోటే చెప్పేశారు. "ఇంటర్నెట్‌లో అమ్మే ఆయనాండి? కాలవ గట్టెంట పొండి, ఆకుపచ్చ వల కట్టి ఉంటుంది." వాళ్లకి అదేమీ రహస్యం కాదు.

ముప్పై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. రేకుల షెడ్డులో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ వేశాడు. "రండమ్మా, ఎండన పడి వచ్చారు, కొబ్బరి బోండం తాగుదురు గాని" అన్నాడు. నేను ఊహించుకున్న మొహాల్లో ఇంత మర్యాదైన మొహం లేదు. బోండం కొట్టించి తెచ్చి ఇచ్చాడు. తాగాను. దాహం వేసింది మరి. తాగి, పుల్లని తీసి అతని కీబోర్డు మీద పెట్టాను.

"ఇది ఎక్కడ విరిగింది బాబూ?"

చూశాడు. నేనెవరో వెంటనే అర్థమైనట్టుంది, నా మెయిళ్లు అంత తేలిగ్గా మర్చిపోయేవి కాదు. "దారిలో విరిగుంటుందండి. కొరియర్ వాళ్లు విసిరేస్తుంటారండి" అన్నాడు.

"మరి దారిలో విరిగినదానికి కట్టు ఎవరు కట్టారు? కొరియర్ వాళ్లా?"

కాసేపు పుల్లని అటూ ఇటూ తిప్పి, "అదెలా జరిగినా, రూల్ ప్రకారం ఫొటో ఉండాలి కదండీ. మీరేమో నాటేశారు" అన్నాడు.

"మీ ఇంట్లో మొక్కొస్తే పెట్టెలో ఉంచి ఫొటోలు తీస్తారా?"

"లేదండి, మేమూ నాటేస్తామండి" అని నవ్వాడు. "అందుకే మనవాళ్ల కంప్లెయింట్ ఒక్కటీ నిలబడదండి."

ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో తెలీదు. ఓ తిట్టు తిట్టి వచ్చేసేదాన్నేమో. అది అని నవ్వాడు చూశారూ, ఆ నవ్వుతో వాడి పాపం పండింది. అతని వెనకాల, వల నీడలో, కుండీల్లో తెల్ల సంపెంగలు కళకళలాడుతూ కనపడుతున్నాయి. ఒకదానికి మొగ్గలు కూడా ఉన్నాయి. "వాటిలో ఒకటి ఇవ్వు" అన్నాను. "అవి వేరే ఆర్డర్లండి, మాటిచ్చేశాను. కావాలంటే పసుపు సంపెంగ ఊరికే ఇస్తాను, పట్టుకెళ్లండి" అన్నాడు. పుల్ల తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. "వచ్చే ఆదివారం వస్తాను" అన్నాను. "తప్పకుండా రండమ్మా" అన్నాడు. మర్యాదకి అన్నాడు పాపం.

వెళ్లాను. మడతకుర్చీ, వాటర్ బాటిల్, యూనిట్ టెస్ట్ పేపర్ల కట్ట, ఎర్రపెన్ను పట్టుకెళ్లాను. అతని గేటు పక్కన, గేటుకి అడ్డం రాకుండా, కానుగ చెట్టు నీడలో కుర్చీ వేసుకున్నాను. పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. ఆదివారం కడియానికి విశాఖపట్నం నుంచి, విజయవాడ నుంచి కార్లలో వస్తారు. కారు ఆగగానే తలెత్తి, క్లాసులో ఏనాడూ వాడనంత మెత్తటి గొంతుతో, "ఏమండీ, ఈ మొక్క ఇక్కడ కొన్నదేనండీ. ఈ కింద కట్టు అంటుదండీ. ఈ పైన కట్టు చూడండి, దాన్ని విప్పి చూపిస్తాను" అనేదాన్ని. చూపించేదాన్ని. అంతకుమించి ఒక్క మాట ఎక్కువ అనేదాన్ని కాదు. సగంమంది పక్క నర్సరీకి వెళ్లిపోయేవారు. మిగతా సగం లోపలికెళ్లి, కొన్న ప్రతి మొక్కకీ కట్టు విప్పి చూపించమనేవారు. అంటు కట్టు విప్పితే మొక్క పోతుంది. విప్పనంటే అనుమానం. అతను చొక్కా తడిసిపోయి అటూ ఇటూ తిరగడం గేటులోంచి నాకు బాగా కనపడేది.

నన్ను లేపలేకపోయాడు. లేపడం మా వైపు అంత సులువు కాదు. వాళ్లమ్మ వయసు ఆడమనిషి, పైగా టీచరు, గట్టిగా ఒక్క మాట అనకుండా నీడలో కూర్చుని పేపర్లు దిద్దుకుంటుంటే ఏమని లేపుతాడు? పైగా గుమ్మంలో మనిషి కూర్చున్నాక ఏమీ ఇవ్వకుండా ఉండటం వాడి వల్ల కాదు. బోండం పంపేవాడు. తాగేదాన్ని. తాగి, వచ్చిన కారుకి పుల్ల చూపించేదాన్ని. ఒకసారి దగ్గరకొచ్చి, "టీచర్ గారూ, మీకు ఇందులో ఏం వస్తుందండీ" అని అడిగాడు. "ఏమీ రాదు బాబూ, నీకు పోతుంది" అన్నాను. ఒట్టేసి చెప్తున్నాను, ఆ ఆదివారాల కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని. వాడి మొహం వాడిపోతున్నకొద్దీ నాకు రెండు ముద్దలు ఎక్కువ సహించేవి.

ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు. వచ్చి వాణ్ణి ఎలా ఏడిపించానో మంచం పక్కన కూర్చుని పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. గోడ వింటున్నట్టుండేది. డాక్టరు చెప్పిన చాలాకాలం అంటే ఎంతకాలమో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడగడానికి భయం. రోజు గడిచినప్పుడల్లా ఆ గొంతు ఇంకాస్త లోపలికి పోతున్నట్టు అనిపించేది. ఆ భయమంతా పట్టుకెళ్లి ఆదివారం వాడి గేటు ముందు పోసేదాన్ని.

ఒక ఆదివారం పక్కింటి వదినగారు పెళ్లికి వెళ్లాల్సొచ్చింది. ఆయన్ని ఒక్కరినీ వదిలి వెళ్లలేను, ఆదివారాన్నీ వదల్లేను. కారు మాట్లాడి ఆయన్ని ఎక్కించుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఈ మనిషిని చూస్తే వాడు ఇంకాస్త కుంగిపోతాడన్న ఆశ కూడా ఉంది. కానుగ కింద ఆ రోజు రెండు కుర్చీలు వేయించాను. ఆయన కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని, మూతి ఒక పక్కకి వంగి, నేలకేసి చూస్తూ కూర్చున్నారు.

కాసేపటికి ఒక బస్సు నిండా జనం దిగారు, ఏదో కాలనీ వాళ్లంతా కలిసి మొక్కలు కొనుక్కోవడానికి వచ్చారట. పుల్ల చూపించాను. ఈసారి వాళ్లు పుల్లని చూడలేదు, మా ఆయన్ని చూశారు. ఈయనకేమైందండీ అని ఒకావిడ అడిగింది. చెప్పాను. ఈ మొక్క కోసమే సగం మాట వచ్చిందనీ, ఇది ఎండిపోయాక అదీ పోయిందనీ చెప్పాను. బస్సులో వచ్చినవాళ్లు ఒక్కరూ కదలకుండా గేటులోంచి లోపలికి చూస్తూ నిలబడ్డారు.

అతను బయటికొచ్చాడు. మా ఆయన్ని చూశాడు. మెయిల్లో చదివిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే ఎలా ఉంటుందో వాడి మొహంలో అప్పుడు కనపడింది. లోపలికెళ్లి, మొగ్గలున్న తెల్ల సంపెంగ కుండీని స్వయంగా ఎత్తుకొచ్చి మా ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు. అందరి ముందూ చేతులు జోడించాడు.

"బాబాయ్ గారూ, తప్పు నాదేనండి. ఇరిగిందని తెలిసే పంపానండి. ఇది తీసుకోండి. ఇంతటితో అయిపోయిందని ఒక్కసారి తలూపండి, పిన్నిగారు ఇంక మా గేటు దగ్గరికి రాకుండా."

నేను కలగన్న మొహం అదే. వాడు కాళ్ల దగ్గర వంగి ఉన్నాడు, నలుగురూ చూస్తున్నారు. చాలు, ఇక లేద్దాం అనుకున్నాను. సంచి సర్దుకోబోయాను.

మా ఆయన వంగారు. ఎడమచేత్తో ఒక మొగ్గని దగ్గరికి లాక్కుని వాసన చూశారు. వదిలేశారు. తర్వాత తలెత్తి అతన్ని కిందనుంచి పైదాకా చూశారు. మార్కెట్లో లారీ దిగిన షావుకారు ఒక ధర చెప్పాక ఆయన చూసే చూపు అది. నేను అది చూసి ఎంతకాలమైందో. పెదవులు ఒకటిరెండు సార్లు కదిలాయి, ఏమీ రాలేదు. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"చా… లదు" అన్నారు.

నా చేతిలో పేపర్లు కింద పడిపోయాయి. "ఏంటండీ?" అన్నాడు అతను, నావైపూ ఆయనవైపూ చూస్తూ.

"చాలదు" అన్నారు మా ఆయన. ముద్దగానే, కానీ ఈసారి బస్సులో వచ్చినవాళ్లకి కూడా వినపడేలా.

అతను పరుగున వెళ్లి ఇంకో తెల్ల సంపెంగ తెచ్చాడు. దాన్ని మొదటిదాని పక్కన పెట్టాడు. మా ఆయన కర్రతో ఆ కుండీ అంచు మీద కొట్టారు. "ఇం… కోటి" అన్నారు. ఈసారి గులాబీ వచ్చింది. దాని ఆకు తిప్పి చూసి, మొహం చిట్లించి, "పురుగు" అన్నారు. అది మార్చి ఇంకోటి తెస్తే, "వేరు… చూపించు" అన్నారు. రెండు మాటలు, ఒకదాని వెనక ఒకటి. బస్సులో వచ్చినావిడ ఎవరో చప్పట్లు కొట్టింది. నేను పమిట చెంగు నోట్లో కుక్కుకున్నాను, ఏడుపు చప్పుడు ఆయనకి వినపడితే ఆపేస్తారేమోనని.

అతను మల్లె తెచ్చాడు, నిమ్మ తెచ్చాడు, సపోటా అంటు తెచ్చాడు. ఒక్కోదానికీ మా ఆయన ఒక్కో వంక పెట్టారు, ఒక్కో వంకకీ ఒక్కో మాట వచ్చింది. కారు డిక్కీ నిండిపోయింది, ముందు సీటు కింద కూడా కుండీలు పెట్టారు. అతను చెమటలు కక్కుతూ నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"టీచర్ గారూ, మీరైనా చాలని చెప్పండి ఆయనకి."

నేను చెప్పలేదు.